తేడా ఎంత? తేదీ ఎప్పుడు?

1980 జనవరిలో అయోవా రాజధాని డెమోయిన్‌లో అక్కడి పత్రిక ‘డెమోయిన్ రిజిస్టర్’ రెండు డిబేట్లు తలపెట్టింది. 5వ తేదీన రిపబ్లికన్లకు, 7వ తేదీన డెమోక్రాట్లకు. రెండు పార్టీల్లోనూ సర్వేల్లో అందరికన్నా ముందున్న పెద్దమనిషే రాలేదు. ఇరాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్నారని అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వైట్‌హౌస్ దాటి రానన్నారు. ఆయన లేని డిబేట్ ఎందుకని దాన్ని రద్దు చేసేశారు. రిపబ్లికన్ల వేదిక మీదికి ఆరుగురు వచ్చారు, రొనాల్డ్ రేగన్ ఒక్కరే రాలేదు. పదిమందిలో ఒకడిలా కనపడకూడదన్నది ఆయన ప్రచార సారథి జాన్ సియర్స్ పథకం.

జనవరి 21న అయోవా కాకస్‌లు జరిగాయి. కార్టర్‌కు 59 శాతం వచ్చింది, ఎడ్వర్డ్ కెన్నెడీకి 31. రేగన్ మాత్రం జార్జ్ బుష్ చేతిలో 2,182 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఊరు ఒకటే, నెల ఒకటే, వేసిన ఎత్తు కూడా ఒకటే. ఒకరికి పారింది, మరొకరికి బెడిసికొట్టింది.

ముందున్నవాడు తొలి డిబేట్లకు వెళ్లాలా, డుమ్మా కొట్టాలా? అమెరికాలో నాలుగేళ్లకోసారి ఈ ప్రశ్న లేస్తుంది. టీవీ పండితులు ధైర్యం, పిరికితనం, ప్రజాస్వామ్యం అంటూ మాట్లాడతారు. అభ్యర్థి గదిలో కూర్చున్నవాళ్లు మాత్రం కాగితం మీద అంకెలు వేసుకుంటారు. ఆ కాగితాన్నే ఒకసారి చూద్దాం.

మన పాఠకుల కోసం ముందు ఒక ముక్క. మన దగ్గర టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది, బీ-ఫారం చేతికొచ్చేదాకా ఎవరికీ నమ్మకం ఉండదు. అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ టికెట్‌ను ఓటర్లే తేలుస్తారు. రాష్ట్రం తర్వాత రాష్ట్రం ప్రైమరీలు, కాకస్‌లు జరుగుతాయి. చాలాకాలం పాటు అయోవా, న్యూహాంప్‌షైర్‌లదే ముందు వరస. ఆ ఓటింగ్‌కు ఆరేడు నెలల ముందు నుంచే ఒకే పార్టీవాళ్లు ఒకరితో ఒకరు టీవీలో వాదించుకోవడం మొదలవుతుంది. వీటికి హాజరు కావాలన్న చట్టమేదీ లేదు. పిలిచేది పార్టీ, టీవీ చానళ్లు. వెళ్లడం, మానడం అభ్యర్థి ఇష్టం.

2015 ఆగస్టు 6న క్లీవ్‌ల్యాండ్‌లో జరిగిన రిపబ్లికన్ డిబేట్‌నే తీసుకోండి. ఆ ఏడాది రంగంలో 17 మంది. సర్వేల్లో పైనున్న పదిమందికి రాత్రి ప్రధాన వేదిక, మిగిలిన ఏడుగురికి సాయంత్రం చిన్న వేదిక. అన్నం మేడ మీద, చారు అరుగు మీద అన్నట్టు. ప్రధాన వేదిక మీద కూడా సర్వే అంకెల ప్రకారమే స్థలం ఇస్తారు. మధ్యన డొనాల్డ్ ట్రంప్, ఆ పక్కా ఈ పక్కా రెండు మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు. అలా అంచుకు పోయేకొద్దీ అంకె తగ్గుతుంది. రెండు గంటల కార్యక్రమంలో ట్రంప్‌కు దక్కింది దాదాపు 11 నిమిషాలు. ర్యాండ్ పాల్‌కు ఐదు నిమిషాలు, అటూఇటూగా.

ముందున్నవాడి వైపు నుంచి చూస్తే ఇదేం బేరం? మాట్లాడటానికి 11 నిమిషాలు, తిట్లు తినడానికి రెండు గంటలు. పక్కన ఒక శాతం, రెండు శాతం దగ్గర ఉన్నవాడికి పోయేదేమీ లేదు. పైవాడి మీద ఒక్క రాయి సరిగ్గా తగిలితే మర్నాడు పేపర్లో పేరు. పైవాడు బాగా మాట్లాడితే ఉన్న అంకె ఉన్నట్టే ఉంటుంది, నాలుక తడబడితే చేతిలోది జారుతుంది.

జారిన కథలకు కొదవలేదు. 2011 ఆగస్టులో టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ బరిలోకి దిగిన వెంటనే రిపబ్లికన్ సర్వేల్లో పైకెక్కారు. సెప్టెంబర్ డిబేట్లలో తడబడి కిందికి జారడం మొదలైంది. నవంబర్ 9న మిషిగన్‌లో నిలబడి, తాను అధ్యక్షుడినైతే మూడు ప్రభుత్వ శాఖలు ఎత్తేస్తానన్నారు. వేళ్లు మడిచి వాణిజ్యం, విద్య అని రెండు చెప్పారు. మూడోది గుర్తు రాలేదు. కాగితాలు వెతికారు, పక్కవాళ్లు అందించబోయారు. దాదాపు నిమిషం గడిచాక చేతులెత్తేసి ‘ఊప్స్’ అన్నారు. ఆ మర్చిపోయిన శాఖ ఇంధన శాఖ. ఆరేళ్లు తిరగకుండానే ట్రంప్ ప్రభుత్వంలో ఆయనకు ఇచ్చిన శాఖ కూడా అదే. రాజకీయాల్లో ఇంత చక్కటి కొసమెరుపు రాసి పెట్టినా కుదరదు.

మరి డుమ్మా కొట్టినవాళ్ల చిట్టా? నా లెక్కకు దొరికిన పెద్ద సందర్భాలు ఆరు. 1980లో కార్టర్, రేగన్. 1999 అక్టోబర్, నవంబర్ నెలల్లో జార్జ్ డబ్ల్యూ బుష్, ఆయన తొలిసారి డిబేట్ వేదిక ఎక్కింది డిసెంబర్ 2న. 2011 మే 5న దక్షిణ కరొలినాలో జరిగిన మొదటి డిబేట్‌కు మిట్ రామ్నీ. 2016 జనవరి 28న అయోవాలో ట్రంప్. ఆ తర్వాత 2023–24లో మొత్తం అన్నిటికీ మళ్లీ ట్రంప్.

ఆరింటిలో పార్టీ టికెట్ దక్కింది ఎన్నింట? ఆరింటా. అందులో మూడుసార్లు మాత్రం కళ్లముందున్న రాష్ట్రం పోయింది. రేగన్‌కు అయోవా, జార్జ్ డబ్ల్యూ బుష్‌కు న్యూహాంప్‌షైర్, 2016లో ట్రంప్‌కు అయోవా.

ఆరుకు ఆరు అనగానే డుమ్మాయే గెలుపు మంత్రం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కారున్నవాడు బస్సెక్కడు, బస్సెక్కడం మానేస్తే కారొస్తుందని ఎవరూ అనరు కదా. కారు లేకుండా బస్సు మానేసిన మనిషి ఒకరున్నారు, ఫ్రెడ్ థాంప్సన్. 2007 సెప్టెంబర్ 5న న్యూహాంప్‌షైర్‌లో రిపబ్లికన్లు డిబేట్‌లో ఉండగా, ఆయన అదే రాత్రి జే లెనో టీవీ షోలో కూర్చుని తన అభ్యర్థిత్వం ప్రకటించారు. సినిమా నటుడు కదా, కెమెరా ఎక్కడుంటే అక్కడ. నిజానికి అప్పుడాయన సర్వేల్లో పైవరసలో ఉన్నా స్థిరంగా అగ్రస్థానంలో లేరు. 2008 జనవరి 22కల్లా ఇంటికెళ్లిపోయారు.

అందుకే కాగితం మీద నేను రెండు నిలువు గీతలు గీసుకున్నాను. ఒక గడిలో తేడా, అంటే రెండోవాడికన్నా ఎన్ని పాయింట్లు ముందున్నాడు. ఇంకో గడిలో తేదీ, అంటే ఓటింగ్ ఇంకా ఎన్ని రోజులుంది.

రామ్నీ మానేసిన డిబేట్ తొలి ఓటుకు ఎనిమిది నెలల ముందుది. ఆ వేదిక మీదికి వచ్చింది ఐదుగురే, వాళ్లలోనూ ఇద్దరు ముగ్గురి పేర్లు అప్పటికి ఎవరికీ తెలియవు. ఆయనకు ఖర్చు సున్నా. రేగన్ మానేసింది 16 రోజుల ముందు. 2016లో ట్రంప్ మానేసింది కేవలం 4 రోజుల ముందు.

ఈ నాలుగు రోజుల కథ కాస్త నిదానంగా చూడాలి. ఫాక్స్ న్యూస్ యాంకర్ మెగిన్ కెల్లీతో పేచీ పెట్టుకుని ట్రంప్ ఆ డిబేట్‌కు రానన్నారు. అదే ఊళ్లో, అదే రాత్రి, డ్రేక్ యూనివర్సిటీలో మాజీ సైనికుల కోసం విరాళాల సభ పెట్టి 60 లక్షల డాలర్లు వచ్చాయని చెప్పుకున్నారు. ఓటింగ్‌కు ముందు వచ్చిన ‘డెమోయిన్ రిజిస్టర్’ ఆఖరి సర్వేలో ట్రంప్ 28, టెడ్ క్రూజ్ 23. ఫిబ్రవరి 1న ఫలితం తిరగబడింది: క్రూజ్ 27.6, ట్రంప్ 24.3. ఐదు ముందు ఉండాల్సినవాడు మూడు వెనక తేలాడు. ఓట్లలో చెబితే తేడా 6,200కు పైగా. డిబేట్‌కు రాకపోవడం తనకు దెబ్బ అయ్యుండొచ్చని మర్నాడు ట్రంపే అన్నారు. ఆ మనిషి తన తప్పు ఒప్పుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి, దీన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే. అయితే అయోవాలో సువార్తిక క్రైస్తవ ఓటర్లను క్రూజ్ ఊరూరా కూడగట్టుకున్నారన్నదీ నిజమే. మొత్తం ఎనిమిది పాయింట్లనూ ఖాళీ కుర్చీ ఖాతాలో రాయలేం.

జార్జ్ డబ్ల్యూ బుష్ సంగతీ అంతే. న్యూహాంప్‌షైర్‌లో జాన్ మెకెయిన్ 49 శాతం తెచ్చుకుంటే బుష్‌కు వచ్చింది 30. దాదాపు 18 పాయింట్లు. మూడు నెలల కిందటి డుమ్మాకు అంత శిక్ష పడదు. మెకెయిన్ ఆ చిన్న రాష్ట్రంలో వందకు పైగా టౌన్‌హాల్ సభలు పెట్టి అడిగినవాళ్లకల్లా బదులిచ్చారు. ఒకాయన ప్రతి ఊరికీ వస్తుంటే, ఇంకొకాయన డిబేట్‌కు కూడా రాలేదన్న మాట అక్కడ బాగా అంటుకుంది.

తేడా గడిలో పెద్ద అంకె పడితే తేదీ గడి తేలిపోతుంది. 2023 ఆగస్టులో సీబీఎస్ సర్వే ట్రంప్‌కు 62, ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్‌కు 16 ఇచ్చింది. 46 పాయింట్లు! ఆ అంకెనే సోషల్ మీడియాలో పెట్టి, తనెవరో జనానికి తెలుసు, డిబేట్లకు రానన్నారు ట్రంప్. ఆగస్టు 23న మిల్వాకీలో ఎనిమిదిమంది వేదికెక్కారు. తొలి ఓటు ఇంకా 145 రోజుల దూరం. ఆ రాత్రి మధ్య స్థలం డిశాంటిస్‌కు వచ్చింది, తూటాలు మాత్రం ఎక్కువగా వివేక్ రామస్వామికి తగిలాయి. (రామస్వామి మనవాడేనా అని అడిగేవాళ్ల కోసం: కాదు, కేరళ పాలక్కాడ్ నుంచి వెళ్లిన తమిళ కుటుంబం.) కేసుల్లో శిక్ష పడినా ట్రంప్‌నే సమర్థిస్తారా అని యాంకర్లు అడిగితే ఎనిమిదిమందిలో ఆరుగురు చెయ్యెత్తారు. పెళ్లికొడుకు లేని పందిట్లో పెళ్లికొడుకు గురించే కబుర్లు. ఇంత చేసి ఆ డిబేట్ వార్త ఒక్క రోజే బతికింది. మర్నాడు ట్రంప్ జార్జియాలో ఫుల్టన్ కౌంటీ జైలుకు వెళ్లి లొంగిపోయారు. అక్కడ తీసిన ఫొటో ముందు ఎనిమిదిమంది వాదనలూ మాయమయ్యాయి.

ఖాళీ కుర్చీకి ఇంకో దెబ్బ ఉంది, అది మిగిలినవాళ్లకు తగిలేది. 2015 క్లీవ్‌ల్యాండ్ డిబేట్‌ను 2.4 కోట్ల మంది చూశారు. 2023 మిల్వాకీకి వచ్చేసరికి 1.28 కోట్లు. సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో జరిగిన రెండోదానికి 95 లక్షలు. నవంబర్‌లో మయామీలో సుమారు 75 లక్షలు. డిసెంబర్ 6న అలబామాలో 40 లక్షల చిల్లర. అర్హత నియమాలేమో పెరుగుతూ పోయాయి. మొదటి డిబేట్‌కు సర్వేల్లో 1 శాతం, 40,000 మంది దాతలు చాలు. నాలుగోదానికి 6 శాతం, 80,000 మంది కావాలి. టికెట్ ధర పెరిగేకొద్దీ హాలు ఖాళీ అయింది. ముందున్నవాడు రాకపోతే వెనకున్నవాళ్లకు మైకు దొరుకుతుందని అంటారు. దొరికింది నిజమే, వినేవాళ్లు సగానికి సగం పోయారు.

2024 జనవరి 10న అయోవాలో సీఎన్ఎన్ వేదిక మీద నిక్కీ హేలీ, డిశాంటిస్ ఇద్దరే మిగిలారు. ఆ సమయానికే ఫాక్స్ న్యూస్‌లో ట్రంప్ ప్రజలతో ముఖాముఖి. ఇద్దరి డిబేట్‌కు 25 లక్షల మంది, ఒక్కడి కబుర్లకు 43 లక్షల మంది. ఐదు రోజుల తర్వాత ఓట్లు: ట్రంప్ 51, డిశాంటిస్ 21, హేలీ 19. అయోవాలోని 99 కౌంటీల్లో 98 ట్రంప్‌వే; తొంభై తొమ్మిదోది పోయింది ఒక్క ఓటుతో. 2016లో నాలుగు రోజుల ముందు డుమ్మా కొట్టి మూడు పాయింట్లతో ఓడిన మనిషే, ఎనిమిదేళ్ల తర్వాత ఐదు రోజుల ముందు డుమ్మా కొట్టి 30 పాయింట్లతో గెలిచాడు. తేదీ మారలేదు, తేడా మారింది.

నలభై పాయింట్లు ముందుంటే, గెలుపే లెక్కయితే, వెళ్లొద్దు. అది తేలిక. చిక్కంతా పది, పదిహేను పాయింట్ల ముందంజ దగ్గరే. అక్కడున్నవాళ్లకు నా సలహా: తొలి డిబేట్లకు తప్పకుండా వెళ్లండి. ఎందుకంటే తొలి డిబేట్‌లో తగిలిన గాయం మానుతుంది.

2019 జూన్ 27, మయామీ. జో బైడెన్ అప్పుడు ముందున్నవాడు, వేదిక మీద పదిమంది. స్కూలు పిల్లలను బస్సుల్లో వేరే పేటల బడులకు పంపి తెల్ల, నల్ల పిల్లలను కలిపి చదివించే పాత పథకాన్ని బైడెన్ వ్యతిరేకించిన సంగతి కమలా హారిస్ ఎత్తారు. అలా బస్సెక్కి బడికెళ్లిన చిన్నపిల్ల తానేనన్నారు. 1.81 కోట్ల మంది చూస్తుండగా బైడెన్ నా టైమ్ అయిపోయిందంటూ ఆగిపోయారు. జూన్ మొదట్లో క్వినిపియాక్ సర్వే బైడెన్‌కు 30, హారిస్‌కు 7 ఇచ్చింది. జూలై 2న వచ్చిన సర్వేలో బైడెన్ 22, హారిస్ 20. మూడు వారాల్లో 23 పాయింట్ల తేడా రెండుకు పడిపోయింది. ఇక బైడెన్ పని అయిపోయిందన్నారు.

డిసెంబర్ 3న బరినుంచి తప్పుకున్నది హారిస్. టికెట్ బైడెన్‌కే వచ్చింది. 2015లోనూ అంతే. చిన్న వేదిక నుంచి పెద్ద వేదికకెక్కిన కార్లీ ఫియోరినా ఒక్క సెప్టెంబర్ డిబేట్‌తో సీఎన్ఎన్ సర్వేలో 3 నుంచి 15కు ఎగిరారు, ఫిబ్రవరికల్లా ఇంట్లో ఉన్నారు. తొలి డిబేట్ తెచ్చే ఊపు ఎండాకాలపు వానలాంటిది. తడుపుతుంది, సాయంత్రానికి ఆరిపోతుంది.

పైగా తొలి డిబేట్ల వల్ల దొరికేది ఒకటుంది: అలవాటు. మైకేల్ బ్లూమ్‌బర్గ్‌కు అది లేదు. విరాళాలు తీసుకోనందువల్ల దాతల సంఖ్య నియమం కింద ఆయనకు 2020 ఫిబ్రవరి దాకా వేదికే దొరకలేదు. నియమం మార్చాక, ఒక సర్వేలో 19 శాతంతో రెండో స్థానానికి చేరి, ఫిబ్రవరి 19న లాస్ వేగస్‌లో మొదటిసారి నిలబడ్డారు. చూసినవాళ్లు 1.97 కోట్లు. ఎలిజబెత్ వారెన్ మొదటి నిమిషాల్లోనే ఆయన్ను ఉతికి ఆరేశారు. చాలా రాష్ట్రాలు ఒకే రోజు ఓటేసే సూపర్ ట్యూస్‌డేకు అప్పటికి 13 రోజులే ఉంది. వంద కోట్ల డాలర్ల సొంత డబ్బు ఖర్చుపెట్టి ఆయన గెలుచుకున్నది అమెరికన్ సమోవా అనే ద్వీపాల చిన్న ప్రాంతం ఒక్కటి. గాయం మానడానికి రోజులు కావాలి, ఆయనకు ఆ రోజుల్లేవు.

రేగన్‌కు ఉన్నాయి. అయోవా ఓటమి తర్వాత ఆయన అలిగి కూర్చోలేదు. ఫిబ్రవరి 23న న్యూహాంప్‌షైర్‌లోని నాషువాలో ఒక హైస్కూలు జిమ్‌లో డిబేట్. స్థానిక పత్రిక దాన్ని రేగన్, బుష్ ఇద్దరికే అనుకుంది. పత్రిక డబ్బు పెడితే ఎన్నికల చట్టానికి విరుద్ధమని తేలడంతో ఖర్చు రేగన్ శిబిరం భరించింది. భరించి, మిగతా అభ్యర్థుల్లో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. కుర్చీల్లేక నలుగురూ వెనక నిలబడ్డారు. బుష్ ఎటూ చూడకుండా బిగుసుకుపోయారు. రేగన్ జోక్యం చేసుకోబోతే, నడిపిస్తున్న సంపాదకుడు జాన్ బ్రీన్ ఆయన మైకు కట్టేయమన్నారు. ఈ మైకుకు డబ్బు కడుతున్నది నేనని రేగన్ గద్దించారు, ఆ కోపంలో బ్రీన్ పేరు ‘గ్రీన్’ అని కూడా పలికారు. జిమ్ మోతెక్కిపోయింది. మూడు రోజుల తర్వాత రేగన్‌కు 50 శాతం, బుష్‌కు 23. డుమ్మా పథకం వేసిన సియర్స్ ఉద్యోగం ఊడింది కూడా ఆ రోజే. 2023లో ట్రంప్ రాని రెండో డిబేట్ జరిగింది రేగన్ పేరిట ఉన్న లైబ్రరీలోనే.

ఇంతవరకూ లెక్కంతా అభ్యర్థి జేబులోంచి చూసింది. పార్టీ జేబు వేరు. 2023–24లో డెమోక్రాట్లు అసలు డిబేట్లే పెట్టలేదు. కుర్చీలో ఉన్న అధ్యక్షుడు సొంత పార్టీవాళ్లతో డిబేట్ చేయకపోవడం రెండు పార్టీల్లోనూ ఆనవాయితీ, 2020లో ట్రంప్ కూడా చేయలేదు. నా రెండు గడుల కాగితం ప్రకారం బైడెన్ నిర్ణయం తిరుగులేనిది. వయసు మీద పడిందన్న మాటే ఎజెండాగా పోటీకి దిగిన డీన్ ఫిలిప్స్‌కు న్యూహాంప్‌షైర్‌లో 20 శాతం లోపే వచ్చింది. ప్రైమరీలన్నీ కలిపి బైడెన్‌కు 1.4 కోట్లకు పైగా ఓట్లు, 87 శాతం. ఆ తేడా ముందు ట్రంప్ తేడా కూడా చిన్నదే.

2020 అక్టోబర్ 22 తర్వాత బైడెన్ మళ్లీ డిబేట్ వేదిక ఎక్కింది 2024 జూన్ 27న, అట్లాంటాలో. హారిస్ చేతిలో దెబ్బ తిన్న మయామీ రాత్రికి సరిగ్గా ఐదేళ్లు. అప్పటికి ప్రైమరీలన్నీ ముగిశాయి. 5.13 కోట్ల మంది ముందు ఆయన మాట మధ్యలో తెగిపోయింది, వాక్యం ఎటో వెళ్లింది. ఆ సంగతి ముందు ఏడాది ఆగస్టులో, ఇద్దరు ముగ్గురు పోటీదారుల పక్కన, కోటిమంది ముందు బయటపడి ఉంటే పార్టీకి వెతుక్కోవడానికి నెలల టైముండేది. అట్లాంటా డిబేట్ జరిగిన 24 రోజులకు, జూలై 21న ఆయన తప్పుకున్నారు.

టికెట్ కమలా హారిస్‌కు వెళ్లింది. ఐదేళ్ల కిందట ఒక్క డిబేట్‌తో 13 పాయింట్లు ఎగబాకి ఒక్క రాష్ట్రంలోనూ ఓటు పడకముందే వెనుదిరిగిన ఆమె, ఈసారి ఒక్క ప్రైమరీ డిబేట్ కూడా లేకుండా 99 శాతం ప్రతినిధుల ఓట్లతో అభ్యర్థి అయ్యారు.